నాకైతే బాగానే నడుస్తోంది

మా ఇంట్లో బండికీ నాకూ ఒకే వయసు. 1997లో నేను పుట్టిన మూణ్ణెల్లకి నాన్న దాన్ని కొన్నారు. వంద సీసీ, ఫోర్ స్ట్రోకు, కిక్కు కొట్టి స్టార్టు చేసే రకం. కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే ఈ కథలో తప్పు కంపెనీది కాదు. ఎవరిదో చివరికి మీకే తెలుస్తుంది. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 7 అనే ఉంటుంది, గుంటూరు జిల్లా బండి అన్నమాట. పదిహేనేళ్ళు నిండాక 2012లో ఒకసారి, అక్కణ్ణుంచి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ లాక్కొస్తున్నారు. నన్ను ఎల్‌కేజీలో దింపిందీ అదే, ఇంజనీరింగు కౌన్సెలింగుకి మోసుకెళ్ళిందీ అదే, మొదటి ఉద్యోగానికి హైదరాబాదు బయల్దేరిన రోజు తెనాలి స్టేషన్లో దింపిందీ అదే.

నాన్న రిటైరైన సైన్సు మాస్టారు. కొల్లిపర రోడ్డు మీద మాకు రెండెకరాల పొలం ఉంది. ఉద్యోగం అయిపోయాక ఆయన ప్రపంచమంతా ఆ పొలం, ఆ బండి, మధ్యలో ఒక టీ కొట్టు. పొద్దున్నే కాఫీ తాగి కిక్కు కొడితే పదకొండింటికి గానీ ఇల్లు చేరరు.

సరే, అసలు విషయానికొస్తా. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఒక మాట అన్నారు.

"ఒరేయ్, బండి మధ్యమధ్యలో టప్‌మని ఆగిపోతోందిరా. మళ్ళీ కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఒకసారి చూడు."

చూశాను. కేలండరు పక్కన మేకుకి తగిలించి ఉన్న రెండో తాళంచెవి తీసుకుని, చెంచుపేట దాకా వెళ్ళి, మార్కెట్టు చుట్టూ తిరిగి, కాలవ గట్టు మీద అరవై స్పీడులో లాగించి వెనక్కొచ్చాను. ఎక్కడా ఆగలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అప్పుడూ ఆగలేదు.

"నాకైతే బాగానే నడుస్తోంది నాన్నా" అన్నాను.

మనవాళ్ళకి ఈ వాక్యం గురించి నేను వివరించనక్కర్లేదు. టెస్టరు బగ్గు రాస్తాడు, మనం మన మిషన్లో నడిపి చూస్తాం, పనిచేస్తుంది, 'పునరావృతం కావట్లేదు' అని రాసి టికెట్టు మూసేస్తాం. నెలకి పది అలాంటివి మూసిన చేత్తోనే పదకొండోది మా నాన్నది మూసేశాను. ఆయన "సర్లే" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

మెకానిక్కు మాత్రం పాపం చాలా కష్టపడ్డాడు. ప్లగ్గు మార్చాడు, ప్లగ్గు క్యాపు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, చివరికి సీడీఐ కూడా మార్చాడు. ఏది మార్చినా రెండు మూడు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. "మాస్టారూ, నా దగ్గరున్నప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదండీ" అని అతనూ చేతులెత్తేశాడు.

బండి బాగుందని కొడుకు అన్నాడు, మెకానిక్కు అన్నాడు. మరి ఆగిపోతోందని చెబుతున్నది ఒక్క నాన్నే. ఇంక మిగిలిన పార్టు ఏది? నాన్నే కదా!

"మీ నాన్న పెట్రోలు ట్యాపు రిజర్వులో పెట్టడం మర్చిపోతున్నార్రా, ఒప్పుకోవడం నామోషీ" అంది అమ్మ. క్లచ్చి సరిగ్గా పట్టలేక బండి ఆపేసుకుంటున్నారని అక్క అంది. వయసైపోయింది, ఇక బండి మాన్పించాలి అని మేం ముగ్గురం ఫోన్లో తీర్మానించేసుకున్నాం. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఉండగానే.

జూన్ మూడో వారంలో నాన్న పడ్డారు. కాలవ వంతెన ఎక్కేచోట రోడ్డుకీ వంతెనకీ మధ్య ఒక ఎత్తుపల్లం ఉంటుంది, అక్కడ ఇంజను ఆగిపోయింది. బండి ఒక్కసారిగా నెమ్మదించేసరికి వెనకొచ్చే కారు తగిలింది. కారు కూడా నిదానంగానే వస్తోంది కాబట్టి సరిపోయింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు అన్నారు. ఆ కారు స్థానంలో ఇసుక లారీ ఉండి ఉంటే? ఈ ప్రశ్న ఇప్పటికీ ఒక్కోసారి రాత్రి పూట నిద్ర లేపుతుంది.

నెల రోజులు ఇంటి నుంచే పని చేస్తానని మేనేజరుని ఒప్పించి తెనాలి చేరాను. అప్పటికే అమ్మ బండి తాళం తీసి బీరువాలో పెట్టేసింది. నాన్న గొడవ పెట్టుకుంటారనుకున్నాను, పెట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే బళ్ళు చూస్తున్నారు. నేను పక్కన కూర్చుంటే చాలాసేపటికి అన్నారు:

"నేను ట్యాపు మర్చిపోలేదురా."

గొంతులో కోపం లేదు. అదే నాకు ఇబ్బందనిపించింది. తరగతి గదిలో ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పినాయన, తను చూసింది తను చూశానని నాకు విన్నవించుకుంటున్నట్టుగా ఉంది.

ఆ రాత్రే అనుకున్నాను, ఈ బగ్గు పట్టుకోవాలి అని. బండి కోసం కాదు. బండి అమ్మేస్తే పదివేలు కూడా రాదు. ఆయన మాట నిజమో కాదో తేల్చడానికి.

మర్నాడు పొద్దున్నే అడిగాను, ఎప్పుడెప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, గుర్తున్నంత వరకూ చెప్పండి అని. నాన్న లోపలికెళ్ళి ఒక పాత డైరీ తెచ్చి చేతిలో పెట్టారు. మే, జూన్ నెలల్లో 34 రోజుల లెక్క. 11 సార్లు ఆగింది. ప్రతిసారీ తేదీ, సమయం, స్థలం, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, అన్నీ గుండ్రటి చేతిరాతలో రాసి ఉన్నాయి. మా ప్రోడక్షను లాగులు కూడా ఇంత శుభ్రంగా ఉండవు. జనవరిలో నేను "లాగులేమైనా ఉన్నాయా" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆయన అప్పుడే మొదలెట్టి ఉండేవారు.

డైరీలో పనికొచ్చే సంగతులు రెండు కనపడ్డాయి. ఒకటి, 11లో 8 సార్లు గోతిలోనో, స్పీడు బ్రేకరు మీదో ఆగింది. ఎండకీ వానకీ సంబంధం లేదు. వేడెక్కితే పాడయ్యే కాయిలు అయితే ఎప్పుడూ ఇంజను బాగా కాలాకే ఆగాలి, చల్లారేదాకా స్టార్టు కాకూడదు. నీళ్ళు దిగే లోపమైతే వానరోజుల్లో ఎక్కువుండాలి. ఇక్కడ కుదుపే కారణం, అంటే ఎక్కడో ఏదో కదులుతోంది. రెండోది, మూడు చోట్ల ఇలా రాసి ఉంది: "ఆగిన వెంటనే న్యూట్రల్లో వేశాను. న్యూట్రల్ దీపం కూడా వెలగలేదు."

ఈ రెండో వాక్యం విలువ తెలియాలంటే ఆ కాలపు బళ్ళలో కరెంటు ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఇలాంటి వంద సీసీ బళ్ళలో చాలావాటికి ఇంజనుకి స్పార్కు ఇచ్చేది బ్యాటరీ కాదు. ఇంజను తిరుగుతుంటే లోపల మాగ్నెటోలో పుట్టే ఏసీ కరెంటు సీడీఐకి వెళ్ళి, అక్కణ్ణుంచి హెచ్‌టీ కాయిలుకీ, ప్లగ్గుకీ వెళ్తుంది. బ్యాటరీ పీకి పక్కన పెట్టినా బండి నడుస్తుంది. హెడ్‌లైటు కూడా మాగ్నెటో మీదే. బ్యాటరీ నడిపేది హారన్ను, ఇండికేటర్లు, బ్రేకు లైటు, న్యూట్రల్ దీపం.

మరి తాళం తిప్పి ఇంజను ఆపుతున్నాం కదా, అదెలా? ఇక్కడే తమాషా ఉంది. సీడీఐ నుంచి ఒక వైరు తాళం స్విచ్చికి వస్తుంది. తాళం ఆఫ్‌లో ఉంటే ఆ వైరు ఛాసీకి, అంటే ఎర్తుకి కలిసిపోతుంది. స్పార్కుకి వెళ్ళాల్సిన కరెంటు ఛాసీలోకి పోతుంది, ఇంజను ఆగుతుంది. తాళం ఆన్ చేయడమంటే ఆ కలయిక విడగొట్టడం. అంటే స్పార్కు విషయంలో ఆన్ అంటే తెగడం, ఆఫ్ అంటే కలవడం. బ్యాటరీ విషయంలో సరిగ్గా ఉల్టా. ఒకే స్విచ్చిలో రెండూ జరుగుతాయి.

ఇప్పుడు ఆలోచించండి. స్పార్కు ఒక దారి, దీపం ఇంకో దారి. రెండూ ఒకేసారి చచ్చిపోతున్నాయంటే రెండు దారులూ కలిసేచోట తంటా ఉండాలి. ఫ్యూజు పోతే దీపం ఆరుతుంది గానీ ఇంజను ఆగదు. ప్లగ్గు పోతే ఇంజను ఆగుతుంది గానీ దీపం వెలుగుతుంది. రెండు దారులూ కలిసేవి రెండే చోట్లు: ఒకటి తాళం స్విచ్చి, రెండోది ఎర్తు. మెకానిక్కు మార్చిన ప్లగ్గు, క్యాపు, సీడీఐ అన్నీ ఆ ఒక్క వాక్యంతో నిర్దోషులు. ఆ వాక్యం రాసినాయన మతిమరుపు మనిషని మేం తేల్చాం!

ముందు తాళం స్విచ్చి పరీక్షించాను. మేకుకున్న తాళంచెవి పెట్టి ఇంజను స్టార్టు చేసి, తాళాన్ని ఊపాను, లాగాను, నొక్కాను, స్క్రూడ్రైవరు పిడితో స్విచ్చి మీద కొట్టాను. హ్యాండిల్ని ఈ చివర్నుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిప్పాను, ఎందుకంటే పాత బళ్ళలో హ్యాండిలు మెడ దగ్గర మెలిక పడే చోటే వైర్లు లోపల్లోపల తెగుతుంటాయి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఇంజను నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. స్విచ్చి బాగుందని కాగితం మీద టిక్కు పెట్టాను. ఆ టిక్కు గుర్తుపెట్టుకోండి.

అనుమానం తీరక ఇంకో ప్రయోగం కూడా చేశాను. సీడీఐ దగ్గర ఆ వైరు పీకేసి బండి నడిపాను. అలా చేస్తే తాళం స్విచ్చికీ స్పార్కుకీ సంబంధం తెగిపోతుంది. అయినా ఆగితే తప్పు అవతలివైపు, ఆగకపోతే తప్పు స్విచ్చి వైపు. మన భాషలో బైసెక్టు. ఆలోచన బాగానే ఉంది గానీ ఇంటికొచ్చాక తాళం తీసి చేతిలో పట్టుకున్నా ఇంజను ఆగదే! అమ్మ బయటికొచ్చి "ఆపరా, పెట్రోలు దండగ" అంటోంది, నేను తాళం చూపించి తెల్లమొహం వేశాను. చివరికి నాలుగో గేర్లో వేసి, బ్రేకు నొక్కి, క్లచ్చి వదిలితే దగ్గి ఆగింది. అరుగు మీద నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

బండి ఆ మూడు రోజులూ ఆగలేదు. అప్పుడైనా నాకు వెలగాల్సింది. వైరు పీకకముందు మాత్రం నా చేతిలో ఆగిందా? లేదు కదా. రాని రోగానికి మందేసి, రోగం రాలేదు కాబట్టి మందు పనిచేసిందనుకునే తెలివి అది.

ఇక మిగిలింది ఎర్తు. సీటు విప్పి, ఛాసీకి ఎర్తు వైరు బిగించిన బోల్టు చూస్తే తుప్పు! ఆనందం పట్టలేకపోయాను. విప్పి, ఉప్పుకాగితంతో తెల్లగా గీకి, బిగించి, పైన వేసలీను పూశాను. మల్టీమీటరుతో చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను రెయిజు చేస్తే 14 దగ్గర. అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులు ఊరంతా తిరిగాను. ఎక్కడా ఆగలేదు.

"దొరికింది నాన్నా, ఎర్తు వదులైంది" అని ప్రకటించాను. ఆయన బోల్టు చూసి, "నాలుగు రోజులకే ఎలా చెప్తావురా?" అన్నారు. మాస్టారు మాస్టారే.

నిజానికి ఈ లెక్క నాకు తెలుసు, వాడలేదంతే. 34 రోజుల్లో 11 సార్లంటే సగటున మూడు రోజులకి ఒకసారి. ఎప్పుడు ఆగుతుందో ముందు తెలియని ఇలాంటి లోపం, ఏ రిపేరూ చేయకపోయినా, వరసగా నాలుగు రోజులు ఊరికే ఉండిపోయే అవకాశం దాదాపు 26 శాతం. అంటే నాలుగింట ఒక వంతు. తొమ్మిది రోజులు, అంటే సగటుకి మూడు రెట్లు ఆగకుండా నడిస్తే ఆ అవకాశం 5 శాతానికి తగ్గుతుంది, అప్పుడు కొంచెం ధైర్యంగా చెప్పొచ్చు. మెకానిక్కు ఏ పార్టు మార్చినా రెండు రోజులు బాగుండటంలో రహస్యం కూడా ఇదే. పార్టు మార్చకపోయినా ఆ రెండు రోజులు బాగానే ఉండేది.

నాలుగో వారంలో ఒకరోజు నాన్న పొలం చూడాలన్నారు. కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడుతోంది, ఒక చేత్తో నా భుజం పట్టుకుని వెనక కూర్చున్నారు. మోటారు షెడ్డు తియ్యాలి కాబట్టి అమ్మ బీరువాలోంచి నాన్న తాళాల గుత్తి తెచ్చి ఇచ్చింది. బండి తాళం కూడా అందులోనే ఉంది కదా అని మేకుకున్నది తియ్యకుండా గుత్తితోనే స్టార్టు చేశాను.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో, ఒక గోతిలో పడి లేచింది. టప్‌మని ఆగిపోయింది.

వెనకనుంచి మాట లేదు. బండి తనంతట తను దొర్లుకుంటూ చెట్టు కింద ఆగింది. అప్పుడు నాన్న నెమ్మదిగా అన్నారు, "చూశావా?"

నిజం చెప్పొద్దూ, నా సర్వీసులో ఏ బగ్గు దొరికినా అంత సంతోషం కలగలేదు. న్యూట్రల్లో వేశాను, దీపం వెలగలేదు. సరిగ్గా డైరీలో రాసినట్టే. దేన్నీ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను. హ్యాండిలు మధ్యలో స్విచ్చి, దానికి వేలాడుతూ గుత్తి, ఇంకా మెల్లగా ఊగుతోంది. గుత్తిని రెండు వేళ్ళతో పైకెత్తాను. దీపం వెలిగింది. వదిలాను, ఆరింది. మళ్ళీ ఎత్తాను, వెలిగింది.

ఆ గుత్తిలో ఏమున్నాయో చెప్తాను. వీధి గేటు తాళం, ఇంటి తాళం, డాబా తలుపుది, బీరువాది, ఒక ఇత్తడి వెంకటేశ్వరస్వామి బొమ్మ, ఎప్పుడో అమ్మేసిన సైకిలు తాళం, వీటన్నిటికీ పెద్దన్నలాగా మోటారు షెడ్డు తాళం. ఇంటికొచ్చాక వంటింటి కాటాలో తూస్తే 210 గ్రాములు.

స్విచ్చి విప్పి చూస్తే అంతా అర్థమైంది. పాతికేళ్ళకి పైగా తిరిగి తిరిగి ఇత్తడి బిళ్ళ అరిగిపోయింది, చుట్టూ నల్లటి పొడి. ఆన్‌లో తాళం 'టిక్'మని పడి నిలబడాల్సిన గాడి నున్నగా అయిపోయింది. తేలిక తాళం పెడితే అది ఆన్‌లోనే ఉంటుంది. 210 గ్రాములు వేలాడదీసి గోతిలో దింపితే ఆ కుదుపుకి తాళం కొద్దిగా ఆఫ్ వైపు జారుతుంది. కంటికి కూడా ఆనదు. ఆ కాస్త చాలు, బ్యాటరీ దారి తెగడానికీ, స్పార్కు దారి ఎర్తుకి తగలడానికీ. కిందపడ్డాకో, పక్కకి ఆపాకో ఎవరైనా ఏం చేస్తారు? అలవాటుగా తాళం ఒకసారి తిప్పి కిక్కు కొడతారు. రుజువు అక్కడే చెరిగిపోతుంది.

మరి మెకానిక్కు దగ్గర ఎందుకు ఆగలేదు? నాన్న అతనికి బండి ఇచ్చేటప్పుడు గుత్తిలోంచి బండి తాళం ఒక్కటే తీసి ఇచ్చేవారు. ఇంటి తాళాలు పరాయి చేతిలో ఎవరు పెడతారు? నా దగ్గర ఎందుకు ఆగలేదు? నాది మేకుకున్న తాళం. మా ముగ్గురిలో సరైన పరిస్థితుల్లో బండి నడిపింది ఆయనొక్కరే. 'నాకైతే బాగానే నడుస్తోంది' అన్న మాట అబద్ధం కాదు. అందులో 'నాకైతే' అనే ముక్కలోనే జవాబు ఉంది, నేను 'బాగానే' దగ్గర ఆగిపోయాను.

జనవరి నుంచే ఎందుకు మొదలైందని ఆ సాయంత్రం అడిగాను. నాన్న కాసేపు ఆలోచించి, "పండక్కి ముందే కదరా, పొలాల్లో మోటారు వైర్లు కొట్టేస్తున్నారని షెడ్డుకి పెద్ద తాళంకప్ప కొన్నది?" అన్నారు. అరిగిన స్విచ్చి మీద ఆ చివరి బరువు పడింది. బండిలో ఈమధ్య ఏం మార్చారని నేనూ అడిగాను, మెకానిక్కూ అడిగాడు. బండిలో ఏమీ మార్చలేదు, ఆయన సరిగ్గానే చెప్పారు. అడగాల్సింది 'మీరు ఈమధ్య ఏం మార్చారు' అని.

ఇదేదో మా ఇంటి వింత అనుకున్నాను గానీ కాదు. 2014లో అమెరికాలో జనరల్ మోటార్సు కంపెనీ దాదాపు 26 లక్షల చిన్నకార్లను ఇదే తప్పు మీద వెనక్కి పిలిచింది. తాళం స్విచ్చి వదులుగా ఉండి, కుదుపుకో, గుత్తి బరువుకో ఆన్‌లోంచి జారిపోయేది. ఇంజను ఆగేది, దాంతోపాటు ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. బాధితుల పరిహార నిధి లెక్క ప్రకారం 124 మంది చనిపోయారు. కొత్త స్విచ్చి వేసేదాకా గుత్తి తీసేసి ఒక్క తాళంచెవే వాడండని కంపెనీ యజమానులకి చెప్పింది. మనవాళ్ళకి నచ్చే ముక్క ఇంకోటుంది. ఆ స్విచ్చి లోపలి భాగాన్ని మధ్యలో, 2006 ప్రాంతంలో, బలంగా మార్చారు, కానీ పార్టు నంబరు మార్చలేదు. దాంతో పాత కార్లు ఆగుతుంటే కొత్తవి ఎందుకు ఆగట్లేదో తేల్చలేక దర్యాప్తు చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. వెర్షను నంబరు పెంచకుండా కోడు మార్చేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

అయితే నన్ను పట్టుకున్నది ఆ లెక్కలు కాదు. 2004లో టెక్సస్‌లో ఒకమ్మాయి నడుపుతున్న అలాంటి కారు రోడ్డు దిగి చెట్టుని గుద్దింది. పక్కన కూర్చున్న ఆమె స్నేహితుడు చనిపోయాడు. కారులో తప్పు ఉందని ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు ఆమెదే అయింది. ఆమే నేరం ఒప్పుకుంది. పదేళ్ళ తర్వాత, 2014 నవంబరులో, ఆ శిక్షని కోర్టు కొట్టేసింది. పదేళ్ళు ఆ మనిషి, ఒక మనిషి చావుకి తనే కారణమని నమ్ముతూ బతికింది. మా నాన్నకి ఆరు నెలలే. అయినా ఆ వార్త చదివాక ఆ మాట గుర్తొచ్చింది: "నేను ట్యాపు మర్చిపోలేదురా."

చూడబోతే మాయమయ్యే బగ్గుల్ని 'హైసెన్‌బగ్' అంటారు కదా. 1985లో జిమ్ గ్రే రాసిన ఒక రిపోర్టుతో ఆ పేరు బాగా జనంలోకొచ్చింది. చాలా ముచ్చటైన పేరు, కానీ నాకు ఇప్పుడు దాని మీద కొంచెం అనుమానం. బగ్గు మాయమైందని మనం అంటాం గానీ, చాలాసార్లు అది అక్కడే ఉంటుంది. మనమే దాని పరిస్థితులు వదిలేసి, మనకి వీలైన తాళం పెట్టి చూస్తుంటాం.

పాత బండి ఉన్నవాళ్ళకి, లేదా అమ్మానాన్నల దగ్గర పాత బండి ఉన్నవాళ్ళకి, నేను డబ్బులు పెట్టి నేర్చుకున్న నాలుగు ముక్కలు:

ఒకటి. పార్టులు మార్చేముందు కాగితం మీద రాయించండి. ఎక్కడ, ఎప్పుడు, కుదుపా, వేడా, తడా. ఆగిన క్షణంలో ఇంకేం చచ్చిపోయాయో తప్పకుండా చూడమనండి. హారన్ను, బ్రేకు లైటు, న్యూట్రల్ దీపం, ఏదైనా సరే.

రెండు. మల్టీమీటరుని గుడ్డిగా నమ్మొద్దు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. అదే చోట 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలించండి. అది ఒకటిన్నర ఆంపియరు పైనే లాగుతుంది, తెగిపోయే వైరు అక్కడ దొరికిపోతుంది.

మూడు. ఆ మనిషి నడిపినట్టే నడపండి. అదే తాళం, అదే దారి, అదే సంచి హ్యాండిలుకి, అదే బరువు వెనక సీటు మీద.

నాలుగు. బాగైందని చెప్పేముందు, సగటున ఎన్ని రోజులకోసారి వస్తోందో చూసుకుని దానికి మూడు రెట్లు ఆగండి.

కొత్త స్విచ్చి హైదరాబాదులో జాంబాగ్ స్పేరు పార్టుల వీధిలో కొన్నాను, ఐదొందల లోపే అయింది. అంతకుముందు మార్చిన పార్టులన్నీ కలిపితే దానికి నాలుగింతలు. కొత్త స్విచ్చికి కొత్త తాళం వచ్చింది, పెట్రోలు ట్యాంకుకి మాత్రం పాతదే. దీని మీద నాన్న కొంచెం చిరాకుపడ్డారు. ఇరవై ఏళ్ళుగా ఒక్క గుత్తితో బతికినాయనకి ఇప్పుడు జేబులో గుత్తి, బండికో తాళం. "ఇప్పుడు నిజంగానే మర్చిపోతాను" అన్నారు.

కట్టు విప్పాక ఇంకో మూడు వారాలు ఆగి, ఆగస్టు చివర్లో ఒక ఆదివారం నాన్న బండి తీశారు. నేను ఆ వారాంతం ఇంట్లోనే ఉన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి "ట్యాపు చూసుకోండి" అంది, అలవాటు పోక. నాన్న ఏమీ అనలేదు. నేనే అన్నాను, "అమ్మా, ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు. మనమే అలా అనుకున్నాం" అని. అమ్మ కొంచెంసేపు నా వైపు చూసి, లోపలికెళ్ళి ఆయన టోపీ తెచ్చి ఇచ్చింది. క్షమాపణ అడగడం మా ఇంట్లో అలాగే ఉంటుంది. నేను మాత్రం నోరు తెరిచే అడిగాను, "అప్పుడే మీ మాట వినాల్సింది నాన్నా" అని. "సర్లే" అన్నారు, జనవరిలో అన్నట్టే. కానీ ఈసారి నవ్వుతూ.

సోమవారం ఆఫీసుకెళ్ళి 'పునరావృతం కావట్లేదు' అని నేను మూసిన టికెట్లు వెతికాను. ఆ ఏడాదివి 23 ఉన్నాయి. అన్నీ చూసే తీరిక లేదు గానీ, ఒకే మనిషి మూడుసార్లు రాసినవి రెండున్నాయి. అవి తెరిచి, ఆ మనిషికి ఫోను చేశాను. "మీరు అది వాడేటప్పుడు నేను పక్కన కూర్చుని చూడొచ్చా?" అని అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అంటే మీరు నమ్ముతున్నారా?" అందావిడ.

ఉంటా మరి.

తా.క.: నాన్న డైరీ ఆపలేదు. ఆగస్టు చివరి ఆదివారం నుంచి రోజూ ఒకటే ముక్క రాస్తున్నారు, "ఆగలేదు" అని. మూడు రెట్లంటే తొమ్మిది రోజులే కదా నాన్నా, చాల్లెండి అంటే, ఇంకా రుజువు కావాలిరా అంటున్నారు.